రాజలింగు సినిమా ఆపే చోటు

నాకొక జబ్బు ఉంది. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, వాళ్ళ ఎదుటే ఎర్ర కలంతో ఆ శుభలేఖ దిద్ది తిరిగి చేతిలో పెట్టిన సందర్భాలు రెండున్నాయి. రెండోవాళ్ళు మళ్ళీ మా గడప తొక్కలేదు. "పెళ్ళిచూపుల్లోనే మిమ్మల్ని నేను దిద్దాల్సింది, చేతిలో కాఫీ ఉండి కుదర్లేదు" అంటుంది మా ఆవిడ వైదేహి.

ఈ జబ్బు తెచ్చిపెట్టిన నగుబాట్లు చెప్పుకుంటూ పోతే నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఒక్కటి మాత్రం నవ్వుతూ చెప్పలేను. అది మా రాజలింగు సంగతి.

రాజలింగు మా ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో అటెండరు. సెమినార్ హాలు తాళంచెవులు, ప్రొజెక్టరు, డీవీడీ ప్లేయరు, పైనుంచి కిందికి లాగే చుట్టతెర, ఇవన్నీ అతని ఏలుబడిలో ఉండేవి. ప్రొజెక్టర్ని తువ్వాల్లో చుట్టి, బాలింత బిడ్డను తెచ్చినట్టు రెండు చేతులా తెచ్చేవాడు. పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు, రెండు పాన్ మసాలా పొట్లాలు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఏ ప్రొఫెసరు ఏ బొమ్మ దగ్గర ఆగి ఎంతసేపు మాట్లాడతాడో అతనికి కంఠతా వచ్చు. "మీరు మూడో బొమ్మకాడ గంట సేపు నిలబడుతరు సార్, జెర కుర్చీ ఏపియ్యనా?" అని అడిగాడు నన్నొకసారి.

అతనిది చేర్యాల దగ్గర పల్లె. తండ్రి పటం కథలవాళ్ళ మేళంలో ఉండేవాడట. మూరలకు మూరలు పొడుగున్న గుడ్డ మీద కథంతా బొమ్మలుగా వేసి ఉంటుంది. దాన్ని కర్ర మీంచి కొంచెం కొంచెంగా విప్పుతూ ఒక్కో బొమ్మకు ఒక్కో ముచ్చట చెబుతారు. చెప్పేది వేరేవాళ్ళు. రాజలింగు తండ్రిది విప్పడం, చుట్టడం మాత్రమే. ఆ మనిషి కొడుక్కి ఇచ్చిన ఆస్తి ఒక్క మాట. ఆ మాట సంగతి నాకు ఎలా తెలిసిందంటే, దాని మీద కూడా నేను అతన్ని కోప్పడ్డాను.

ఒకరోజు ఒక విషాద నాటకం మీద ఉపన్యాసం ఇస్తున్నాను. చివరి స్లైడులో నాయిక శవం. "ఇంతటితో సమాప్తం" అని నేను అనగానే రాజలింగు స్లైడుని వెనక్కి తిప్పి, ఆమె బతికి ఉన్న బొమ్మ మీద ఆపి, అప్పుడు తెర పైకి చుట్టాడు. పిల్లలంతా గొల్లున నవ్వారు. బయటికొచ్చి నిలదీశాను.

"సచ్చిన బొమ్మ మీద పటం చుట్టద్దు సార్" అన్నాడు. "చుడితే ఆ సావు పటంలనే ఉండిపోతది. బతికున్న బొమ్మ దాంక ముందటికన్న ఇప్పాలె, ఎనుకకన్న తిప్పాలె. అప్పుడు చుట్టాలె. మా నాయిన చెప్పిన మాట."

"ఇది పటం కాదయ్యా, ప్రొజెక్టరు."

"తెర చుట్టుతనే ఉంటిమి గద సార్" అన్నాడు, అంతే.

రెండువేల తొమ్మిది చివర్లో తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌లోకి వచ్చింది. వచ్చింది అనడం తప్పు, అక్కడ అది ఎప్పట్నుంచో ఉంది. ఆ చలికాలం లేచి నిలబడింది. మేం తెనాలి వైపు వాళ్ళం. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగానికి వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్నాడు. నేను పుట్టింది ఇక్కడే. కానీ సోమయాజులు అన్న పేరు పెట్టుకుని, నోరు విప్పితే కృష్ణ నీళ్ళు పారే యాసతో, ఇక్కడే పుట్టాను అంటే ఎవరు నమ్ముతారు? భయపడలేదని అబద్ధం చెప్పను.

అయినా జబ్బు జబ్బే. ఆర్ట్స్ కాలేజీ దారిలో గోడ మీద ఎవరో సుద్దతో నినాదం రాశారు. అందులో ఒక అక్షరానికి ఒత్తు పడలేదు. చుట్టూ చూసి, తడిగుడ్డ తీసుకుని ఆ అక్షరం తుడిచి మళ్ళీ రాద్దామని వంగాను. తుడవడం పూర్తయ్యేసరికి నా వెనక పదిమంది పిల్లలున్నారు. ఉద్యమ నినాదాన్ని తుడిచేస్తున్న ఆంధ్రా ప్రొఫెసరు! నేను నోరు తెరిచినకొద్దీ నా యాస నన్నే ముంచుతోంది. రాజలింగు పరిగెత్తుకొచ్చాడు.

"అరె, ఇడువుండ్రి బిడ్డా! సార్‌కు గదొక బీమారి. పెండ్లి కార్డులు గూడ దిద్దుతడు. మన తెలంగాణ సక్కగ రాయాలని ఆయన పరేషాని."

పిల్లలు నవ్వి నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. ఒత్తు పెట్టాను. "ఇగ సార్ గూడ మనోడే" అని ఒకడు వీపు తట్టాడు. ఆ రోజు నుంచి రాజలింగుకి నేను బాకీ. ఆ బాకీ ఎలా తీర్చానో చెప్పడానికే ఇదంతా.

క్యాంపస్‌లో బాష్పవాయువు గోళాలు పడే రోజులు మొదలయ్యాయి. కింది ఉద్యోగుల క్వార్టర్స్‌వి రేకుల కప్పులు, సందులున్న తలుపులు. పొగ తిన్నగా లోపలికే వచ్చేది. మా డిపార్ట్‌మెంట్‌వి పాతకాలపు మందపాటి గోడలు. అందుకని గొడవ మొదలవగానే రాజలింగు క్వార్టర్స్ పిల్లలందర్నీ తోలుకొచ్చి సెమినార్ హాల్లో పెట్టి, కిటికీలన్నీ బిగించి, తలుపు కింద తడి గోనెపట్టాలు పరిచేవాడు. పట్టపగలే హాలు చీకటైపోయేది. చీకట్లో ఇరవైమంది పిల్లలు ఏడుస్తుంటే అతను ప్రొజెక్టరు వేశాడు.

ఈ సంగతి తెలియక ప్రొజెక్టరు మాయమైందని అరుస్తూ వెళ్ళాను నేను. తలుపు తెరిచేలోపే కళ్ళు మండి, ముక్కు కారి, గుమ్మంలో కూలబడ్డాను. ఏడేళ్ళ పిల్ల ఒకతి వచ్చి నా మొహం ముందు ఏదో పెట్టింది.

"ఉల్లిగడ్డ. వాసన సూడు సార్, మంట తగ్గుతది."

ఉల్లిపాయ అనమ్మా అనబోయి, జీవితంలో మొదటిసారి దిద్దకుండా వాసన చూశాను. ఆ పిల్ల శిరీష. రాజలింగు మనవరాలు. తల్లి ఈరమ్మ అతని ఒక్కగానొక్క కూతురు, అబ్బాయిల హాస్టల్ మెస్‌లో రొట్టెలు కాల్చేది. తండ్రి మస్కట్‌లో మేస్త్రీ.

తెర మీద బొమ్మల సినిమా ఆడుతోంది. ఎవరో విద్యార్థి వదిలేసిపోయిన ఇంగ్లీషు డిస్కు. నీళ్ళలో బతికే ముంగిస లాంటి జంతువు ఒకటుంటుంది చూడండి, నీటికుక్క. దాని పిల్ల వరదలో తల్లి నుంచి తప్పిపోతుంది. ఏరు వెంబడి ఎక్కడెక్కడికో పోతుంది, ఆనకట్టలు దూకుతుంది, వేటకుక్కల్ని ఏడిపిస్తుంది, పడవలెక్కుతుంది, తల్లిని వెతుక్కుంటూ. రాజలింగు సినిమాలోని మాటల చప్పుడు తగ్గించి, పక్కన కర్ర పట్టుకుని నిలబడి, బొమ్మ బొమ్మకూ తనే కథ చెబుతున్నాడు.

"ఇనుండ్రి. గీ పిల్ల పేరు గంగి. గంగి ఏడున్నది? కృష్ణ ఒడ్డున. ఏం తింటున్నది?"

"చాపలూ!" అన్నారు పిల్లలు.

"గిప్పుడు సూడుండ్రి, కట్ట వచ్చింది. గీ నీళ్ళన్ని ఎటు పోతున్నయి?"

"కిందికీ!"

"కింద ఎవరున్నరు?"

పిల్లలకు తెలియలేదు. రాజలింగు కర్రతో నన్ను చూపించాడు. "సార్ వాళ్ళూరు." హాలు హాలంతా నవ్వు. ఉల్లిగడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని నేనూ నవ్వాను.

ఆ డిస్కుకి గీతలు పడ్డాయి. చివరి ఇరవై నిమిషాల ముందు బొమ్మ గడ్డకట్టి నిలిచిపోయేది. పిల్ల సముద్రం ఒడ్డున రాళ్ళ మీదికి ఎక్కుతుంటుంది, అక్కడే ఆగిపోతుంది. మొదటిరోజు పిల్లలు ఏడ్చారట. అప్పుడు రాజలింగు బటన్ నొక్కి సినిమాని మొదటికి తీసుకుపోయాడు. మొదటి సీనులో తల్లీ పిల్లా ఒడ్డున ఎండలో పడుకుని ఉంటారు. తల్లి పిల్ల ఒంటిని నాకుతుంది. "ఇగో, దొరికింది వాళ్ళ అమ్మ!" అన్నాడు. తెర చుట్టాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఇక నేను ఊరుకుంటానా? పిల్లలు పోయాక పట్టుకున్నాను.

"రాజలింగూ, నువ్వు చెప్పే కథలో బోలెడు తప్పులున్నాయి. ఒకటి, అది కృష్ణ కాదు, వేరే దేశం. రెండు, అది ఆడపిల్ల కాదు, మగపిల్ల. ఇంగ్లీషులో స్పష్టంగా చెబుతున్నారు. మూడు, చివర్న చూపించేది చివర కాదు, మొదలు. ఆ పిల్ల మళ్ళీ చిన్నదైపోయింది చూశావా?"

"అమ్మ దొరికితె ఎవరైన చిన్నగయితరు సార్."

"మరి అసలు చివర ఏమవుతుంది?"

"నాకెరుక లేదు. డిస్కు ఆగుతది. ఆగిన కాడికెల్లి ఎనుకకు తిప్పుడే" అన్నాడు.

శిరీష పక్కనే ఉంది. నన్ను కోపంగా చూసింది. "గంగి ఆడపిల్లనే సార్." పిల్లతో వాదన ఎందుకని ఊరుకున్నాను. లోపల మాత్రం ఆ మూడు తప్పులూ ముల్లులా గుచ్చుతూనే ఉన్నాయి.

అలా ఆ చలికాలంలో ఎనిమిదో తొమ్మిదో ఆటలు పడ్డాయి. గొడవ సద్దుమణిగాక ఈరమ్మ మెస్ నుంచి మిగిలిన రొట్టెలు కొంగులో మూటగట్టి తెచ్చి పిల్లలకు పంచేది. ఆమెకు పాత ఆయాసం ఉంది. మెట్లెక్కి వచ్చి, గోడకు ఆనుకుని, గాలి అందాక నవ్వేది. "నాయినా, గంగి వాళ్ళ అమ్మ దొరికిందా గియ్యాల?" అని అడిగేది. "దొరికిందే!" అని శిరీష అరిచేది. నాకు కూడా ఒక రొట్టె ఇచ్చేది. మెస్ రొట్టెలు తోలు చెప్పుల్లా ఉంటాయని యూనివర్సిటీలో జోకు. ఈరమ్మ కాల్చినవి అలా ఉండేవి కావు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం గోళాలు హాస్టళ్ళ మధ్యలో పడ్డాయి. మెస్ వంటింట్లోకి పొగ కమ్మింది. ఈరమ్మ పెనం మీది రొట్టె కాలిపోతుందని ఒక్క నిమిషం ఆగిందట. నేను చూసేసరికి నలుగురు కుర్రాళ్ళు ఆమెను దుప్పట్లో మోసుకొచ్చి ఆటోలో వేస్తున్నారు. పెద్దాసుపత్రికి అన్నారు. రాజలింగు ఆటో వెనక కడ్డీ పట్టుకుని వేలాడుతూ పోయాడు. నేను తార్నాకకి నడిచి వచ్చేశాను. మర్నాటి నుంచి క్యాంపస్ మూసేశారు.

ఆ తర్వాత పన్నెండు రోజులు నేను ఇల్లు కదలలేదు. దారులు బంద్ అన్నది సగం నిజం. మిగతా సగం నా పిరికితనం. ఆ పన్నెండు రోజుల్లో ఏం జరిగిందో నాకు అప్పుడు తెలియదు. మీకు మాత్రం ముందే చెబుతున్నాను, ఎందుకంటే తెలియకుండా వింటే నా మీద లేనిపోని జాలి పుట్టే ప్రమాదం ఉంది.

ఈరమ్మ నాలుగో రోజు పొద్దున పోయింది. కాగితం మీద ఆయాసం అని రాశారు. అందుకే ఉద్యమంలో పోయినవాళ్ళ పేర్లు చదివే ఏ సభలోనూ ఆమె పేరు ఎవరూ చదవలేదు. ఆసుపత్రి నుంచే వ్యానులో ఊరికి తీసుకుపోయారు. శిరీషను క్వార్టర్స్‌లో పక్కింటి రాహేలు దగ్గర ఉంచారు. మస్కట్ నుంచి తండ్రికి సెలవు దొరకడానికి మూడు వారాలు పడుతుంది. అతను వచ్చి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాలి; అప్పటిదాకా ఎవరూ నోరెత్తకూడదు అని పెద్దవాళ్ళంతా అనుకున్నారు. అమ్మ ఊరికి పోయింది, నానమ్మకు పాణం బాగలేదు అని పిల్లకు చెప్పారు. క్వార్టర్స్‌లో మిగతా పిల్లలందరికీ నిజం తెలుసు. రాహేలు ఒక్కొక్కళ్ళ చేత ఒట్టు వేయించింది. ఇరవైమంది పిల్లలు తొమ్మిది రోజులపాటు ఆ ఒట్టు తప్పలేదు.

నాకెవరూ ఫోన్ చేయలేదు. అటెండరు కూతురు పోతే ప్రొఫెసరుకి కబురు చేసే అలవాటు మా డిపార్ట్‌మెంట్‌లో లేదు. నా నంబరు రాజలింగు దగ్గర ఉంది. అతని నంబరు నా దగ్గర లేదు. ఇరవైరెండేళ్ళలో అవసరం పడలేదు.

ఇంట్లో ఖాళీగా కూర్చుని నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, కాలనీ కుర్రాణ్ణి అంబర్‌పేట పంపి ఆ సినిమా కొత్త డిస్కు తెప్పించాను. గీతల్లేనిది. వైదేహీ నేనూ చూశాం. చివరి ఇరవై నిమిషాల్లో ఏముందంటే, పిల్ల రాళ్ళెక్కి అవతలికి చూస్తుంది. తల్లి అక్కడే ఉంటుంది, కదలదు. పిల్ల మూతితో తోస్తుంది, లేవదు. తర్వాత కొంచెం సముద్రం, కొన్ని వేరే నీటికుక్కలు, అయిపోయింది.

వైదేహి కళ్ళు తుడుచుకుంది. "ఇది ఆ పిల్లలకి చూపిస్తారా ఏమిటి కొంపదీసి?"

"చూపించాలి. ఆ రాజలింగు వాళ్ళకి అబద్ధం చెబుతున్నాడు. పిల్లలు నిజాన్ని తట్టుకోలేరనుకోవడం పెద్దవాళ్ళ అహంకారం" అన్నాను. ఇది క్లాసులో చాలాసార్లు చెప్పిన వాక్యం. ఎప్పుడు చెప్పినా నాకు నచ్చేది.

"ఆయన చెప్పుకునేది ఆయన్ని చెప్పుకోనివ్వండి. మీకెందుకు?"

"తప్పు తప్పే కదా."

పదమూడో రోజు బయల్దేరాను. గేటు దగ్గర ఎవరైనా ఆపితే ఇబ్బంది లేకుండా, పొద్దున్నే అద్దం ముందు నిలబడి తెలంగాణ యాస అభ్యాసం చేశాను. గేటు దగ్గరున్న విద్యార్థి "ఎక్కడికి సార్?" అన్నాడు. "గీడికే, మా డిపార్ట్‌మెంట్ కాడికి పోతున్న" అన్నాను. వాడు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "సార్, మీరు మామూలుగనే మాట్లాడుండ్రి. గిట్ల మాట్లాడితె అనుమానమొస్తది" అన్నాడు. చెవులు కాలిపోతుండగా లోపలికి నడిచాను. ఆ రోజు నా నగుబాటు అక్కడితో అయిపోయిందనుకున్నాను.

పది దాటాక ఊరేగింపు బయల్దేరింది, పదకొండుకి గోళాలు మొదలయ్యాయి. రాజలింగు పిల్లల్ని హాల్లోకి తెచ్చాడు. మనిషి సగమయ్యాడు. శిరీష అతని చూపుడువేలు పట్టుకుని ఉంది.

"రాజలింగూ, ఈరమ్మ ఎలా ఉంది?" అన్నాను, డిస్కు కవరు చింపుతూ.

"ఊరికి పోయింది సార్."

"మంచిదయ్యా. పల్లె గాలికి తేరుకుంటుంది."

అతను నావైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది; అప్పుడు మాత్రం చదవలేదు. నాకు కాగితం మీది తప్పులు తప్ప కనబడవు. కొత్త డిస్కు చూపించి, ఇవాళ కథ పూర్తిగా చూద్దాం, నేనే చెబుతాను అన్నాను.

"గియ్యాల వద్దు సార్."

"ఏం?"

"వద్దు. సార్, ఒక్కసారి గిటు రారి" అని తలుపు వైపు అడుగేశాడు. వేలు పట్టుకున్న పిల్ల కూడా అతనితో అడుగేసింది. అతను ఆగిపోయాడు. "నువ్వు గీడ్నే ఉండు బిడ్డా" అన్నాడు. పిల్ల వేలు వదల్లేదు. తాత ఊరి నుంచి తిరిగొచ్చినప్పట్నుంచీ ఆ వేలు వదలడం లేదని తర్వాత రాహేలు చెప్పింది.

"తర్వాత మాట్లాడుకుందాం" అని నేను బటన్ నొక్కేశాను.

నా కథనం ఎంత దండగగా ఉందో చెప్పాలా? "ఆ బాలజంతువు నదీ ప్రవాహమున కొట్టుకొనిపోయి" అన్నట్టు సాగింది. పిల్లలు ఆవలించారు. ఆనకట్ట వచ్చినప్పుడు ఒకడు "సార్ వాళ్ళూరు!" అని అరిచాడు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళు అలా చప్పబడి ఉండటం నా ఉపన్యాసం వల్లే అనుకున్నాను. రాజలింగు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో కర్ర లేదు. బయట గోళాలు పేలిన చప్పుడు వచ్చినప్పుడల్లా శిరీష చెవులు మూసుకోవడానికి ఒక చెయ్యే వాడుతోంది.

పాత డిస్కు ఆగే చోటు వచ్చింది. తెర మీద పిల్ల రాళ్ళెక్కుతోంది. ఈసారి బొమ్మ ఆగలేదు.

"ఆగుతలేదు" అంది శిరీష.

పిల్ల అవతలికి దిగింది. తల్లి కనబడింది. శిరీష లేచి నిలబడింది. "దొరికింది! తాతా, గీ డిస్కుల నిజంగనే దొరికింది!"

పిల్ల మూతితో తోసింది. తల్లి కదల్లేదు. మళ్ళీ తోసింది.

"పండుకున్నది" అంది శిరీష.

నేను గొంతు సవరించుకున్నాను. ఇది నేను ఇంట్లో కాగితం మీద రాసుకుని, రెండుసార్లు దిద్దుకున్న వాక్యం. "లేదమ్మా. ఆ తల్లి చనిపోయింది. ఇక లేవదు" అన్నాను.

అప్పుడు జరిగింది. ఇరవై తలలు ఒక్కసారిగా తెర మీంచి పక్కకు తిరిగాయి. అందరూ శిరీష వైపు చూశారు. ఒట్టు వేసిన నోళ్ళన్నీ మూసుకునే ఉన్నాయి, ఒక్కళ్ళూ ఒక్క మాట అనలేదు. కళ్ళకు ఎవరూ ఒట్టు వేయించలేదు.

ఆ చూపుల మధ్య శిరీష ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చింది. చివరికి తాత మొహం చూసింది. నాకూ ఆ క్షణమే తెలిసింది. ఏడేళ్ళ పిల్లకు, యాభై ఏళ్ళ నాకు, ఒకే నిమిషంలో, ఒకే పాఠం. చెప్పినవాణ్ణి నేనే.

"తాతా, అమ్మ ఊర్లె ఉన్నదన్నవు."

రాజలింగు పిల్ల ముందు కింద కూర్చున్నాడు. తెర మీద పిల్ల ఇంకా తల్లిని తోస్తూనే ఉంది. ఆపుదామని నేను ప్రొజెక్టరు వైపు చెయ్యి చాపాను.

"ఆపకుండ్రి సార్!" అని అరిచాడు. అతను నా మీద అరవడం అదొక్కసారే. "సచ్చిన బొమ్మ మీద ఆపకుండ్రి."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అతను శిరీష రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఊర్లెనే ఉన్నది బిడ్డా. ఊరి బయట చెరువు కట్ట కింద ఉన్నది. మీ అమ్మకు గాలి ఆడలే. తొమ్మిదొద్దులాయె. మీ నాయినొచ్చినంక చెప్దామనుకున్నం. నాకు చెప్ప సాతగాలే."

పిల్ల ఏడవలేదు. అది ఏడిస్తే బాగుండునని హాల్లో ఉన్న అందరం అనుకున్నాం. చాలాసేపు తెర వైపే చూస్తూ నిలబడింది. సముద్రం వచ్చింది, వేరే నీటికుక్కలు వచ్చాయి, పేర్లు పడ్డాయి, తెర తెల్లగా అయిపోయింది. ఆ తెలుపులో పిల్లలందరి మొహాలూ కనబడ్డాయి. ఎవరో చిన్నపిల్ల ముక్కు చీదింది.

"తాతా, మొదటికి పెట్టు" అంది శిరీష.

రాజలింగు లేచి మొదటి సీను పెట్టి అక్కడ ఆపాడు. కొత్త డిస్కులో రంగులు ఎక్కువ. ఒడ్డున ఎండ, తల్లీ పిల్లా. కర్ర తీసుకున్నాడు. "ఇగో..." అన్నాడు. కర్ర కొన తల్లి బొమ్మ మీద ఆగిపోయింది.

శిరీష అతని చేతిలోంచి కర్ర తీసుకుంది. అది ఆమె కన్నా పొడుగుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని తెర దగ్గరికి పోయింది. ఆమె నీడ తల్లి బొమ్మ మీద పడింది.

"గిది గంగి" అంది. "గిది గంగి వాళ్ళ అమ్మ. గిప్పుడు బతికే ఉన్నది. తర్వాత ఉండదు. గంగి... ఆమె..." ఆగి, తిరిగి నన్ను చూసింది. "గంగి ఆడపిల్లనే సార్. మీరు తప్పు చెప్పిన్రు."

"అవునమ్మా" అన్నాను. "నాదే తప్పు."

ఇంకాసేపు ఆ బొమ్మ అలాగే ఉంది. బయట చప్పుడు తగ్గింది. తలుపు తీయొచ్చని ఎవరో పిల్లాడు అన్నాడు గానీ, ఎవరూ తీయలేదు. రాజలింగు తెర తాడు చేతిలోకి తీసుకున్నాడు. లాగలేదు. ఎప్పుడూ అడగనివాడు నన్ను అడిగాడు.

"చుట్టనా సార్?"

బొమ్మలో ఆ తల్లి బతికే ఉంది. దాని మీద చుట్టొచ్చునో కూడదో, అతని తండ్రి మాట ఇక్కడికి వర్తిస్తుందో లేదో, నాకు తెలియలేదు. ఇన్నేళ్ళుగా అందరికీ అన్నీ చెప్పినవాణ్ణి, ఏడేళ్ళ శిరీష వైపు తిరిగాను.

"ఉండనీ తాతా" అంది శిరీష. "కొద్దిసేపు."

అతను తాడు వదిలేశాడు.